ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ ఏజెంట్‌గా దిగుదామనుకుంటున్నా, వైజాగ్ పెద్దలు చెప్పండి

కొమ్మాది కుర్రోడు
నవంబర్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

వయసు 27. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు బైక్ షోరూంలో చేశాను. ఏడాదిన్నరగా ఒక ప్లాట్ల కంపెనీలో మార్కెటింగ్. పేరు వద్దులెండి. జీతం 16,000, అదీ టార్గెట్ కొడితే. వారమంతా ఫోన్లు. ఆదివారం వస్తే పార్టీలను కారెక్కించుకుని ఆనందపురం దాటాక ఉన్న లేఅవుట్‌కి తీసుకెళ్లాలి, ఆర్చి దగ్గర ఫోటో తీయాలి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి మళ్లీ ఇంటి దగ్గర దింపాలి. నా హోదా సీనియర్ అసోసియేట్. నా పైన ఆరుగురున్నారు. నేను ప్లాటు అమ్మితే వాళ్ల వాటాలు పోయాకే నాది. ఇప్పటికి ఏడు ప్లాట్లు అమ్మించాను, అందులో నాలుగు మా చుట్టాలే కొన్నారు. రెండింటి కమిషన్ ఇంకా చేతికి రాలేదు.

ఇక సొంతంగా చేద్దామని ఉంది. చేతిలో 1,40,000 ఉంది, బైక్ ఉంది. పెళ్లి కాలేదు. గూగుల్ డేటా సెంటర్ అంటున్నారు, భోగాపురం ఎయిర్‌పోర్టు అంటున్నారు, ఇప్పుడు దిగకపోతే ఇంకెప్పుడు దిగుతావురా అని ఫ్రెండ్స్ ఒకటే గోల. నిలదొక్కుకోవడానికి ఎంతకాలం పడుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలి? రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదా? ఉన్నదున్నట్టు చెప్పండి, ఏమీ అనుకోను.


వదిలేసినోడు
నవంబర్ 9, రాత్రి 11:15

"ఇప్పుడు దిగకపోతే ఇంకెప్పుడు" అని నాకు 2019 డిసెంబర్‌లో చెప్పారు. వైజాగ్ రాజధాని అని అసెంబ్లీలో మాట వచ్చిన వారానికల్లా భీమిలి రోడ్డులో టీ కొట్టాయన కూడా బ్రోకర్ అయిపోయాడు. నేను జనవరిలో ఉద్యోగం మానేశాను. మార్చిలో లాక్‌డౌన్.

14 నెలలు ఈదాను. రెండు డీల్స్ అయ్యాయి. ఒకదాంట్లో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఐదుగురం బ్రోకర్లం. ఒక శాతాన్ని ఐదు ముక్కలు చేస్తే ఎంతొస్తుందో లెక్కేసుకో. పెట్రోలు ఖర్చు డైరీలో రాసేవాడిని: 61,000. మొత్తం వచ్చిన కమిషన్: 54,000. ఇప్పుడు ఆటోనగర్‌లో స్టోర్స్ చూసుకుంటున్నాను. ఒకటో తారీఖున ఫోన్ టింగుమంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆ డైరీ గుర్తొస్తుంది.


పాత విశాఖ
నవంబర్ 10, ఉదయం 6:20

ఏటి తమ్ముడూ, 1,40,000 పెట్టుకుని అడుగుతున్నావంటే నువ్వు నయమే. నేను 2003లో దిగినప్పుడు జేబులో నాలుగొందలు, చేతిలో మా బావ ఇచ్చిన స్కూటరు.

ముందు ఆ గూగుల్ మాట తేల్చేద్దాం. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి తర్లువాడ వైపు అడిగే ఫోన్లు నాకూ వస్తున్నాయి. అడిగేవాళ్లు వందమంది, అమ్మేవాడు ఒక్కడు. వాడు పొద్దున చెప్పిన రేటు మీద సాయంత్రం ఉండడు. కొనేవాడేమో బేరం కుదిరే టైముకి "మా బామ్మర్దిని ఒకసారి అడిగి చెప్తాను" అంటాడు. ఈ ఇద్దరి మధ్య తిరిగే పెట్రోలు నీది. ఎకరాల బేరాలు పాతకాపులకి, జేబు లోతున్నవాళ్లకి. కొత్తవాడు అటు పోతే పై తమ్ముడిలా డైరీ రాసుకోవడమే.

నీ ఇల్లు కొమ్మాది. అక్కడి నుంచి పీఎం పాలెం దాకా, ఇటు మారికవలస దాకా, అంతే. ఆ గీత దాటకు. అందులో ఎన్ని అపార్ట్‌మెంట్లున్నాయో లెక్కపెట్టు. ఒక్కో దాని వాచ్‌మన్‌తో కూర్చుని టీ తాగు. ఏ ఏడాది కట్టారు, లిఫ్ట్ పనిచేస్తుందా, ఏప్రిల్‌లో ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఏ ఫ్లాటు వాళ్లు అమెరికాలో ఉన్నారు, ఏ ముసలాయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతానంటున్నాడు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాయి. ఆరు నెలలయ్యాక ఆ బుక్కు నీ షాపు. బోర్డు కట్టక్కర్లేదు.

రెండోది, కమిషన్. 2011లో సీతమ్మధారలో ఒక పాత డాబా ఇల్లు చూపించాను. కొనేవాళ్లది శ్రీకాకుళం దగ్గర ఊరు. ఎనిమిది నెలలు తిరిగాను. వాళ్లావిడకి వీధిపోటు అని అనుమానం వస్తే వాస్తు ఆయన్ని కూడా నేనే స్కూటరు మీద తీసుకొచ్చాను. రిజిస్ట్రేషన్ రోజు నన్ను పదకొండింటికి రమ్మన్నారు. తొమ్మిదిన్నరకే వెళ్లి చెట్టు కింద నిలబడ్డాను. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒకే కారులోంచి దిగారు. నాకు అప్పుడే కాళ్లు చల్లబడ్డాయి. సంతకాలయ్యాక కొన్నాయన స్వీటు బాక్సు, దాని మీద ఒక కవరు పెట్టి, "మీరు మాకు బయటివాళ్లేటండీ" అన్నాడు. కవర్లో 5,000. ఆ స్వీటు బాక్సు ఇంటికి పట్టుకెళ్లలేదు, రైటర్ గారి బల్ల మీదే వదిలేశాను.

ఆ తర్వాత ఇల్లు చూపించకముందే ఒక కాగితం మీద రాయించుకోవడం మొదలుపెట్టాను: నా ద్వారా చూసిన ఇల్లు కొంటే ఇంత శాతం, అగ్రిమెంట్ రోజు సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం. సంతకం పెట్టనన్నవాడికి ఇల్లు చూపించను. అలా పది మందిలో నలుగురు పోతారు. పోనీ.


గాజువాక 26
నవంబర్ 10, మధ్యాహ్నం 1:05

మీ గోడు విన్నాం సార్, ఇక కొన్నవాడి గోడు వినండి. నేను స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తాను. 2017లో వేపగుంట వైపు 120 గజాలు కొన్నాను. బ్రోకర్ రోజూ ఫోన్ చేసేవాడు, మా నాన్నకి ఒంట్లో బాగోలేకపోతే ఆస్పత్రికి కూడా వచ్చాడు. అంత నమ్మకం. "రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆగింది గానీ ఈ నెలో వచ్చే నెలో ఓపెన్ అయిపోతుంది, అప్పుడు రేటు డబుల్" అన్నాడు. నోటరీ కాగితాల మీద 9 లక్షలు ఇచ్చాం. ఆ "వచ్చే నెల" ఇంకా రాలేదు. అతని నంబరు మారిపోయింది.

కొత్తగా దిగేవాళ్లకి నా ప్రశ్న ఒకటే. కారులో తిప్పి చూపించినందుకే అయితే ఒక శాతం ఎందుకివ్వాలి మీకు?


రాతకోతలు
నవంబర్ 10, రాత్రి 9:30

26 గారి ప్రశ్నలో న్యాయం ఉంది. నేను దస్తావేజులు రాసేవాడిని. రోజూ నా బల్ల ముందుకి వచ్చే ఏజెంట్లలో సర్వే నంబరు ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లు తక్కువ.

మీది పంచగ్రామాల వ్యవహారం. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. సింహాచలం దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది, జనం ఇళ్లు కట్టుకుని తరాలుగా ఉంటున్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం జరగదు. అక్కడ నోటరీ కాగితాలు చేతులు మారుతుంటాయి. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన ఆస్తి మీ పేరున మారదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పట్టుకుని కొన్నా అంతే, 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, జీపీఏ అమ్మకం హక్కు ఇవ్వదని.

తమ్ముడూ, నువ్వు ఫైలు పట్టుకున్న రోజు చేయాల్సిన మొదటి పని ఇంటి ఫోటో తీయడం కాదు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోకి వెళ్లి ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడు. దేవాదాయం, వక్ఫ్, ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, మన ఊళ్లో అర్బన్ సీలింగ్ మిగులు భూములు, ఇవన్నీ అందులో తేలతాయి. డి-పట్టా భూమి అంటే పేదవాడికి సాగుకిచ్చిన భూమి, అమ్మకూడదని 1977 చట్టం. 20 ఏళ్లు దాటిన వాటికి 2023లో సడలింపు ఇచ్చారు, 2024లో ప్రభుత్వం మారాక వాటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఇక మాజీ సైనికుల భూములకైతే ఎన్‌వోసీ అసలుదేనా అని ఒకటికి రెండుసార్లు చూడాలి. విశాఖ భూముల మీద 2017లో ఒక సిట్, 2019లో మరో సిట్ ఊరికే వేయలేదు.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. ఆన్‌లైన్లో 1983 నుంచి వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి. చాలామంది ఈసీలో ఎవరి నుంచి ఎవరికి అన్నది మాత్రమే చదువుతారు. హద్దులు చదవరు. మధురవాడ వైపు 240 గజాల స్థలం ఫైలు ఒకటి నా దగ్గరికి వచ్చింది. 2016 దస్తావేజులో ఉత్తరం హద్దు "20 అడుగుల రోడ్డు". దాని లింకు, అంటే అంతకు ముందరి దస్తావేజు, 2004ది, అందులో "ఖాళీ స్థలం". ఇంకా వెనక్కి, 1987 దస్తావేజు తెప్పించాను. ఉత్తరం: "గెడ్డ", అంటే వాగు.

గెడ్డ మూడు చేతులు మారేసరికి రోడ్డయింది. వెళ్లి చూస్తే రోడ్డే, సిమెంటు వేసి ఉంది. వానాకాలంలో నీళ్లు ఎటు పోతాయో అడిగితే పక్కింటావిడ మోకాలి దాకా చెయ్యి పెట్టి చూపించింది. రేపు ఎవరైనా ఆక్రమణ అని కొలతకొస్తే స్థలంలో ఎంత మిగులుతుందో ఎవరికెరుక. ఆ ఫైలు తెచ్చిన ఏజెంటు "ఏం కాదు మాస్టారూ, లోన్ వచ్చేస్తుంది" అన్నాడు. పార్టీ వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఏజెంటు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

ఈసీలో రానివి కూడా ఉంటాయి: రిజిస్టర్ కాని అగ్రిమెంటు, ఇంట్లో పెట్టెలో ఉన్న వీలునామా, కోర్టు కేసు. అందుకే అన్నదమ్ములు ఎంతమంది, అప్పచెల్లెళ్లు ఎంతమంది అని టీ తాగుతూ అడగాలి. ఆడపిల్ల పేరెత్తగానే మాట మార్చారంటే అక్కడ ఆగు.


ఎంవీపీ శ్రీమతి
నవంబర్ 11, మధ్యాహ్నం 3:40

అందరూ కొనుగోళ్ల గురించే మాట్లాడుతున్నారు. మొదటి ఏడాది తిండి పెట్టేది అద్దెలు. నేను తొమ్మిదేళ్ల క్రితం ఎంవీపీ కాలనీలో రెండు సెక్టార్లతో మొదలుపెట్టాను. మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది. అద్దె ఇల్లు కుదిర్చితే కొందరు సగం నెల ఇస్తారు, కొందరు నెల ఇస్తారు. 22,000 అద్దె ఇల్లు నెలకి రెండు కుదిరితే సరుకులకి, స్కూలు ఫీజుకి సరిపోయింది.

అద్దెకి చేర్చినవాళ్లను మర్చిపోకండి. నేవీ వాళ్లకి బదిలీలు, బ్యాంకు వాళ్లకి బదిలీలు. వాళ్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ కంటే ముందు నాకు చెబుతారు. నాలుగేళ్లు అద్దెకున్న ఒక జంట నా చేతే ఇల్లు కొన్నారు. వాళ్ల కోసం నేను చూసిన ఇళ్లు 31. ఆవిడకి వంటింట్లో కిటికీ తూర్పున ఉండాలి, ఆయనకి కారు రివర్స్ చేయకుండా బయటికి రావాలి.

ఇల్లు చూపించడానికి వెళ్తే నేను హాలు చూపించను. ముందు పైఅంతస్తు బాత్‌రూంలో పంపు తిప్పుతాను. తర్వాత బాల్కనీ గ్రిల్లు కింది మూల గోరుతో గీకుతాను. బీచ్ వైపు ఫ్లాట్లకి రంగు కొత్తగా వేస్తారు, గీకితే ఎర్రగా పొడి రాలుతుంది. ఉప్పుగాలి. హుద్‌హుద్ తుపాను తర్వాత కిటికీలు మార్చారా లేదా అని కూడా అడుగుతాను. ఇవి నేనే ముందు చెప్పేస్తే అమ్మేవాళ్లకి కొంచెం కోపం వస్తుంది, కొనేవాళ్లు మాత్రం చెల్లెల్ని కూడా నా దగ్గరికే పంపుతారు.

ఆడవాళ్లెవరైనా చదువుతుంటే: ఖాళీ ఫ్లాటుకి కొత్త పార్టీతో ఒంటరిగా వెళ్లకండి. వాచ్‌మన్ భార్యని తోడు తీసుకెళ్తాను, వందో రెండొందలో ఇస్తాను. లోపలికి వెళ్లాక మెయిన్ డోరు తెరిచే ఉంటుంది.


కొమ్మాది కుర్రోడు
నవంబర్ 11, రాత్రి 10:10

అందరికీ చాలా థ్యాంక్స్. గెడ్డ సంగతి చదివి మా లేఅవుట్ కాగితాలు తీసి చూశాను. బ్రోచర్లో "వీఎంఆర్‌డీఏ ప్రపోజ్డ్" అని ఉంది, అంటే పట్టణాభివృద్ధి సంస్థ దగ్గర ఇంకా ప్రతిపాదనే. ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఎక్కడా లేదు. ఏడాదిన్నరగా నేను ఆదివారం ఆదివారం అందరికీ "అప్రూవ్డ్" అనే చెబుతున్నాను. మా పెదనాన్నకి కూడా.

రెరా గురించి ఎవరూ చెప్పలేదు.


లోన్ బండి
నవంబర్ 12, ఉదయం 8:15

హోమ్‌లోన్లు చేయిస్తాను, ఏజెంట్లతోనే నా రోజంతా. రెరా సంగతి నేను చెబుతాను.

2016 చట్టం. రెరాలో ఉన్న ప్రాజెక్టులో ఫ్లాటో ప్లాటో అమ్మించాలంటే ఏజెంటు కూడా ఏపీ రెరాలో రిజిస్టర్ అవ్వాలి. లేకుండా చేస్తే రోజుకి 10,000 చొప్పున, ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకి రెరా నంబరు రాకముందు ఏజెంటు బుకింగ్ చేయించకూడదు. వాట్సాప్‌లో తిరిగే "ప్రీ-లాంచ్ ఆఫర్" అదే, ఫార్వర్డ్ చేసే ముందు ఆలోచించు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదని కూడా పార్టీకి నువ్వే చెప్పు. చదరపు అడుగు రేటు చెప్పేటప్పుడు కార్పెట్ ఏరియా ఎంత, ఉమ్మడి స్థలంలో మన వాటా ఎన్ని గజాలు, రెండూ విడిగా అడిగి రాసుకో. నాకొచ్చే ఫైళ్లలో పాత అపార్ట్‌మెంట్లు ఆగేది ఎక్కువగా ప్లానుకి మించి కట్టిన ఐదో అంతస్తు దగ్గరే.

డబ్బు విషయం. అడ్వాన్సు 20,000 అంతకు మించి క్యాష్‌లో తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా వేయొచ్చు. ఆస్తి 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల పన్ను, పట్టాలి. అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటే ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. అగ్రిమెంట్ రాయకముందే ఆడిటర్ దగ్గరికి పంపించు. వైజాగ్‌లో సగం ఫైళ్లు అలాంటివే. నీ ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ, దానికింకా టైముందిలే.

ఇంకోటి. టోకెన్ డబ్బు నీ ఖాతాలో ఎప్పుడూ వేయించుకోకు.


పాత విశాఖ
నవంబర్ 12, ఉదయం 8:50

ఆఖరి ముక్క ఒప్పుకోను. టోకెన్ నా దగ్గర పెట్టుకోబట్టే చాలా బేరాలు నిలబడ్డాయి. అమ్మేవాడి చేతికిస్తే మర్నాడు ఇంకొకడు లక్ష ఎక్కువిస్తానంటే వెనక్కిచ్చేస్తాడు. నా దగ్గరుంటే ఇద్దరికీ భయం. ఇరవై ఏళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు.


లోన్ బండి
నవంబర్ 12, ఉదయం 9:05

మీ దగ్గర రాలేదు మాస్టారూ. మీ పేరు మీద నమ్మకం ఉంది. ఈ తమ్ముడికి ఇంకా పేరు లేదు. బేరం చెడితే ఇద్దరూ కలిసి అతని మీదే పడతారు. చెక్కు రాసి అమ్మేవాళ్ల పేరునే ఇప్పించమనండి, వెనక రసీదు రాయించమనండి.


గాజువాక 26
నవంబర్ 12, ఉదయం 11:30

రెండు వైపులా కమిషన్ తీసుకోవడం మాత్రం ఎవరూ మాట్లాడట్లేదు. అమ్మేవాడి దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. ఇంతకీ ఆ మనిషి ఎవరి తరఫున బేరమాడినట్టు?


ఎంవీపీ శ్రీమతి
నవంబర్ 12, మధ్యాహ్నం 2:20

నేను తీసుకుంటాను 26 గారూ, అబద్ధం చెప్పను. కానీ ఇద్దరికీ ముందే చెప్పేస్తాను, అవతలివాళ్లు కూడా ఇస్తున్నారని. బేరం దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టి నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. మీది తప్పు ప్రశ్నేం కాదు. అమ్మేవాళ్లు "ఇంతకు మించి వస్తే పైది నువ్వు తీసుకో" అంటారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. అలా చేసిన ఏజెంట్ల ఇళ్లు మా సెక్టారులోనే ఉన్నాయి, మూడంతస్తులు. నాది రెండు గదులు.


మోడరేటర్
నవంబర్ 12, సాయంత్రం 6:00

భోగాపురం ప్లాట్ల ఫ్లెక్సీ, ఫోన్ నంబరుతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఈ చర్చలో ప్రకటనలు వద్దు.


వదిలేసినోడు
నవంబర్ 12, సాయంత్రం 6:04

వచ్చేశారు మా పాత కొలీగ్స్ 😀


కొమ్మాది కుర్రోడు
డిసెంబర్ 14, రాత్రి 9:50

అప్‌డేట్. నవంబర్ నెలాఖరుకి మానేశాను. రెండు ప్లాట్ల కమిషన్ వదులుకున్నట్టే. పెదనాన్నకి నిజం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, టీవీ సౌండ్ పెంచారు.

పాత విశాఖ గారు చెప్పినట్టు నోటుబుక్కు పెట్టాను. ఇప్పటికి 38 అపార్ట్‌మెంట్లు. టీలకే రోజుకి 120 అవుతోంది. అద్దె ఇళ్లు రెండు కుదిర్చాను, ఒకరు 7,000 ఇచ్చారు, ఇంకొకరు "మా అబ్బాయి ఆన్‌లైన్లో ముందే చూశాడు" అని ఎగ్గొట్టారు. అమ్మకాలు సున్నా. మూఢం వచ్చేసింది, ఎవర్ని అడిగినా "మంచిరోజులు వచ్చాక చూద్దాం" అంటున్నారు. రెరాకి అప్లై చేశాను.


పాత విశాఖ
డిసెంబర్ 15, ఉదయం 6:10

మూఢంలో, ఆషాఢంలో పెట్టె ఖాళీగానే ఉంటుంది. ఏడాదికి పది నెలల ఆదాయమే లెక్కేసుకో. ఈలోగా కాగితాలు చదువు. రాతకోతలు గారి బల్ల దగ్గర కూర్చోరాదూ?


రాతకోతలు
డిసెంబర్ 15, ఉదయం 10:00

రమ్మనండి. బుధ, శుక్రవారాలు రద్దీ తక్కువ. టీ మాత్రం అతనే తేవాలి, 38 వాచ్‌మన్లకి తెచ్చినట్టే.


కొమ్మాది కుర్రోడు
ఫిబ్రవరి 24, సాయంత్రం 7:30

ఈరోజు మొదటి రిజిస్ట్రేషన్ అయింది!!

పీఎం పాలెంలో 2BHK, పదేళ్ల పాత ఫ్లాటు, 46 లక్షలు. నా నోటుబుక్కులో 17వ అపార్ట్‌మెంట్. వాచ్‌మన్ చెప్పాడు, ముసలాయన హైదరాబాద్ కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని. కొన్నవాళ్లు మధురవాడలో అద్దెకుంటున్న టీచర్లు, ఇద్దరూ. మొదటి రోజే వెళ్లి పంపు తిప్పాను, గ్రిల్లు గీకాను (అక్కడికి సముద్రం దూరమే అయినా). ఈసీ తీసి రాతకోతలు గారికి చూపిస్తే పాత బ్యాంకు తనఖా ఒకటి అలాగే ఉండిపోయింది. లోన్ ఎప్పుడో తీరిపోయింది, రద్దు చేయించుకోలేదంతే. ముసలాయనతో బ్యాంకు చుట్టూ తిరిగి అది తీయించేసరికి 19 రోజులు పట్టింది. స్టాంపు డ్యూటీ, అన్నీ కలిపి 7.5 శాతం, 3,45,000 అయ్యేసరికి టీచర్ గారి మొహం చిన్నబోయింది, కానీ ఇంత అవుతుందని ముందే చెప్పాను కాబట్టి తెచ్చుకున్నారు.

కొన్నవాళ్లు ఒక శాతం, 46,000. కాగితం మీద రాసుకున్నట్టే అగ్రిమెంట్ రోజు సగం, ఈరోజు సగం, ఫోన్‌లో పంపేశారు. అమ్మినాయన 30,000 ఇస్తానని ఒప్పుకున్నారు. సంతకాలయ్యాక చూస్తే లేరు. ఫోన్ చేస్తే "రేపు ఉదయం రా బాబూ" అన్నారు. ఆయన ట్రైను ఈ రాత్రికే అని వాచ్‌మన్ చెబుతున్నాడు. ఏం చేయమంటారు?


పాత విశాఖ
ఫిబ్రవరి 24, సాయంత్రం 7:41

ముందు శభాష్. ఆయన దగ్గర కాగితం రాయించుకోలేదు కదూ? పెద్దాయన కదా అని మొహమాటపడి ఉంటావు. ఫ్లాటు తాళాలు ఎవరి దగ్గరున్నాయి?


కొమ్మాది కుర్రోడు
ఫిబ్రవరి 24, సాయంత్రం 7:43

రాయించుకోలేదు మాస్టారూ. తాళాలు నా చేతికే ఇచ్చారు, రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర.


పాత విశాఖ
ఫిబ్రవరి 24, సాయంత్రం 7:44

మరింకేటి! 30,000 వచ్చాకే తాళాలని ఫోన్ చేసి చెప్పు.


ఎంవీపీ శ్రీమతి
ఫిబ్రవరి 24, సాయంత్రం 7:52

మాస్టారూ, అదేం సలహా! ఆ తాళాలు ఇప్పుడు కొన్నవాళ్లవి. పూర్తి డబ్బు కట్టినవాళ్ల తలుపు ఆపితే అమ్మినాయనకి ఏం నొప్పి? బాబూ, ఆయన కూతురి నంబరు అగ్రిమెంట్ టైములో నీకు వచ్చే ఉంటుంది. రేపు మామూలుగా మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు, నాన్నగారు క్షేమంగా చేరారా అని, కింద నీ ఖాతా వివరాలు. నాకు అలా మూడుసార్లు వచ్చింది, ఒకసారి రాలేదు.


పాత విశాఖ
ఫిబ్రవరి 24, రాత్రి 8:01

సరేనమ్మా. స్వీటు బాక్సు నాటి కోపం, పోదు.


కొమ్మాది కుర్రోడు
ఫిబ్రవరి 24, రాత్రి 8:20

తాళాలు సాయంత్రమే వాళ్లకి ఇచ్చేశాను అక్కా. రేపు తెల్లవారుజామున 4:52కి పాలు పొంగిస్తారట. పాత మేకులు పీకాలి, గుమ్మానికి పసుపు రాయాలి అని ఇప్పటి దాకా అక్కడే ఉన్నాను. నన్ను, అమ్మని రమ్మన్నారు. టిఫిన్లు కాదట, భోజనాలేనట.